ఆడింది చాలు, ఒకటి చేసి చూపించండి

సాయంత్రం జన్వాడ మీదుగా వెళ్లే ఏ కాలేజీ బస్సు ఎక్కినా చాలా ఫోన్లలో ఎవరో ఒకరు పరుగెడుతూనే ఉంటారు. అయితే సబ్‌వే సర్ఫర్స్, లేకపోతే టెంపుల్ రన్. ఆడితే తప్పేం లేదు. కానీ రెజ్యూమెలో 'గేమింగ్ అంటే ఇష్టం' అని రాసినంత మాత్రాన ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఆ పరుగు గేమ్ ఒకటి మీరే తయారుచేస్తే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం దొరుకుతుంది.

నన్నడిగితే, కోడింగ్ నేర్చుకునేవాళ్లకు ఎండ్‌లెస్ రన్నర్ మంచి తొలి ప్రాజెక్టు. పెద్ద కథ అక్కర్లేదు, వందల లెవెల్స్ అక్కర్లేదు. 2009లో ఆడమ్ సాల్ట్స్‌మన్ చేసిన 'కెనబాల్ట్'లో ఆటగాడు చేసేది ఒక్కటే, దూకడం. 2011లో వచ్చిన 'టెంపుల్ రన్' ఒక భార్యాభర్తలు పెట్టుకున్న చిన్న స్టూడియోలో పుట్టింది.

చిన్నదే కానీ తేలికేం కాదు. చాలా రన్నర్లలో బొమ్మ ఉన్నచోటే ఉంటుంది, నేలే వెనక్కి జరుగుతుంది. దాటిపోయిన అడ్డంకిని పారేయకుండా తెచ్చి మళ్లీ ముందు పెట్టాలి. దీన్నే ఆబ్జెక్ట్ పూలింగ్ అంటారు. ఇది చేయకపోతే తక్కువ ధర ఫోన్లలో గేమ్ ఆగి ఆగి నడుస్తుంది. వేగం ఎంత పెరిగినా తప్పించుకునే దారి ఒక్కటైనా ఉండాలి. ఓడినవాడు 'నాదే తప్పు' అనుకుంటే మళ్లీ ఆడతాడు. 'గేమే మోసం చేసింది' అనుకుంటే డిలీట్ కొడతాడు.

ఖర్చు పెద్దగా లేదు. యూనిటీ, గొడాట్ ఉచితంగా దొరుకుతాయి. గూగుల్ ప్లే డెవలపర్ ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు. కొత్తగా తీసుకున్న వ్యక్తిగత ఖాతా అయితే, విడుదలకు ముందు కనీసం 12 మంది టెస్టర్లతో వరుసగా 14 రోజులు పరీక్ష నడపాలి. ఆ 12 మంది మీ బస్సులోనే ఉన్నారు కదా! వాళ్లు ఎక్కడ ఓడిపోతున్నారో, ఎక్కడ విసుక్కుంటున్నారో రాసుకోండి. దాన్నిబట్టి మార్చండి. 'వేగం ఇంతే ఎందుకు పెట్టావ్?' అని రేపు ఎవరైనా అడిగితే జవాబు ఆ నోట్స్‌లోనే ఉంటుంది.

గేమ్ కంపెనీల్లో ఉద్యోగాలు తక్కువ అంటారు ఇంట్లోవాళ్లు. నిజమే. కానీ మెమరీ పొదుపుగా వాడటం, వాడేవాడి ఇబ్బంది కనిపెట్టడం ఏ యాప్ కంపెనీకైనా కావాల్సినవే. సగంలో వదిలేసిన పెద్ద గేమ్ కన్నా పూర్తయిన చిన్న గేమ్ మేలు. వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టండి.