'వేడి చేసింది' అని ఇంకెన్నాళ్లు గమ్మునుందాం?

కొంచెం పెద్ద పోస్టు, చివరిదాకా చదవండి.

మాది గోరంట్ల మండలం తండాలు. 2025 మేలో జవాన్ మురళీ నాయక్ వీరమరణంతో మా కల్లి తండా పేరు దేశమంతా విన్నది. 2024 జనవరిలో పాలసముద్రంలో కస్టమ్స్ అకాడమీ తెరిచినప్పుడు కూడా మా మండలం పేపర్లలో వచ్చింది. ఏ పేపర్లోనూ రాని ఒక బాధ గురించి ఇప్పుడు రాస్తున్నాం. మేం ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్లెక్కిన ఆడపిల్లలం. ఒక్కొక్కరం ఒక్కో ఊర్లో హాస్టల్లో ఉంటున్నాం. పండక్కి ఇంటికొచ్చి కూర్చొని మాట్లాడుకుంటే అందరి బాధా ఒకటే అని తెలిసింది. ఒంటేలుకు పోతే మంట. పోయి వచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ పోవాలనిపిస్తుంది, పోతే నాలుగు చుక్కలే. పొత్తికడుపులో లాగుతుంది. క్లాసులో కూర్చోలేం, పడుకోలేం.

ఇంట్లో చెప్తే యాడి అనేది ఒకటే మాట: "వేడి చేసిందిలే." మజ్జిగ తాగు, ధనియాల నీళ్లు తాగు అంటుంది. ఆమె తప్పు లేదు, ఆమెకు వాళ్లమ్మ చెప్పింది అదే. కానీ ఆ మాట మనల్ని రెండు రకాలుగా దెబ్బ తీస్తోంది. ఒకటి, జబ్బును జబ్బు అనుకోనివ్వదు. రెండు, ఎందుకు వచ్చిందో అడగనివ్వదు. వేడి అంటే ఎండది, ఒంటిది. ఎవరినీ అడిగే పని లేదు కదా!

డాక్టర్లు దీన్ని సిస్టైటిస్ అంటారు. మూత్రాశయం లోపలి పొర వాచడం. ఎక్కువసార్లు దీనికి కారణం మన పేగుల్లోనే ఉండే ఈ-కోలై అనే బ్యాక్టీరియా. ఆడవాళ్లకు మూత్రం బయటికొచ్చే దారి దాదాపు నాలుగు సెంటీమీటర్లే, మగవాళ్లకు ఇరవై దాకా ఉంటుంది. అందుకే బ్యాక్టీరియా మనకు తొందరగా లోపలికి ఎక్కుతుంది. ప్రపంచంలో దాదాపు సగం మంది ఆడవాళ్లకు జీవితంలో ఒక్కసారైనా వచ్చే జబ్బు ఇది. కాబట్టి "పెళ్లి కాని పిల్లకు ఈ జబ్బేంది" అని గుసగుసలాడేవాళ్లు ఆపేయాలి. పెళ్లికీ, నడవడికకూ దీంతో ముడి పెట్టొద్దు. ఆ గుసగుసకు భయపడే చాలామంది జ్వరం వచ్చేదాకా నోరు తెరవట్లేదు.

మరి హాస్టల్ పిల్లలకు ఇది పదేపదే ఎందుకొస్తోంది? మా లెక్క ప్రకారం జవాబు చాలా సింపుల్. మేం నీళ్లు తాగం. తాగితే పోవాల్సొస్తుంది. పోవాలంటే గడి పడని తలుపు, బల్బు లేని వరండా, పొద్దున ఏడుకే ఆగిపోయే కొళాయి. కాలేజీలో క్లాసు మధ్యలో లేచి అడగాలంటే సిగ్గు. అందుకే మధ్యాహ్నం గ్లాసు, రాత్రి గ్లాసు, అంతే. పొద్దున ఆపుకుంటే మళ్లీ సాయంత్రమే. మా అమ్మలు చెనక్కాయ చేనులో చీకటి పడేదాకా ఆపుకున్నారు. మేం డిగ్రీ చదువుతూ కూడా అదే చేస్తున్నాం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ కరువు నేల మీద, మార్చి వచ్చిందంటే తాగిన నీళ్లు చెమటకే చాలవు. మూత్రం చిక్కబడుతుంది, బ్యాక్టీరియా బయటికి కొట్టుకుపోదు, లోపలే పెరుగుతుంది.

నీళ్ల సంగతి మేం ఊరికే చెప్పట్లేదు. 2018లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మాటిమాటికీ సిస్టైటిస్ వచ్చే 140 మంది ఆడవాళ్లను తీసుకున్నారు. అందరూ రోజుకు లీటరున్నర కంటే తక్కువ తాగేవాళ్లే. సగం మందిని రోజూ ఇంకో లీటరున్నర ఎక్కువ తాగమన్నారు. ఏడాదిలో ఎక్కువ తాగినవాళ్లకు జబ్బు సగటున 1.7 సార్లు వచ్చింది, మిగతావాళ్లకు 3.2 సార్లు. కేవలం నీళ్లతో దాదాపు సగానికి తగ్గింది! కానీ మేం అడిగేది ఏమంటే, ఆ లీటరున్నర తాగి మేం ఎక్కడికి పోవాలి? నీళ్లు తాగమని చెప్పడం సులభం. పోయే చోటు చూపించకుండా చెప్పే ఆ సలహా మాకు సగం మందే.

ఇక వచ్చినప్పుడు ఏం చేయాలో కూడా చెప్పుకుందాం.

మెడికల్ షాపుకు పోయి "అన్నా, మంటకు రెండు మాత్రలు ఇవ్వు" అనడం మానేద్దాం. నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివి ఇట్లా అరకొరగా మింగీ మింగీ మన దేశంలో ఈ-కోలై మీద వాటి పట్టు బాగా తగ్గిపోయింది. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి పోయి యూరిన్ టెస్ట్ చేయించుకోవాలి. మామూలు సిస్టైటిస్‌కు డాక్టర్లు ఎక్కువగా రాసేవి ఐదు రోజుల నైట్రోఫురాంటోయిన్, లేదా ఒక్కసారి తాగే ఫాస్ఫోమైసిన్ పొడి. అవి కూడా డాక్టర్ చెప్తేనే. కొన్ని గిరిజన జాతుల్లో ఎక్కువగా కనిపించే జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకు నైట్రోఫురాంటోయిన్ వేస్తే రక్తకణాలు విరిగిపోతాయి. రెండో రోజుకే మంట తగ్గినా కోర్సు మధ్యలో ఆపొద్దు. మిగిలిన మాత్రలు పక్క బెడ్ అమ్మాయికి ఇవ్వొద్దు.

మందు పనిచేసేలోపల ఉపశమనానికి నీళ్లు బాగా తాగడం, పొత్తికడుపు మీద వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి పెట్టుకోవడం, నొప్పికి పారాసిటమాల్, టీ కాఫీలు తగ్గించడం మంచిది. బార్లీ నీళ్లు, ధనియాల నీళ్లు తాగండి, అవీ నీళ్లే కదా, ఒంట్లోకి పోతాయి. కానీ వాటినే మందు అనుకొని వారం ఆగొద్దు. షాపుల్లో ఇచ్చే తియ్యటి సిట్రేట్ సిరప్ మంటను తగ్గించవచ్చేమో గానీ బ్యాక్టీరియాను చంపదు. పైగా నైట్రోఫురాంటోయిన్ పనిని తగ్గిస్తుంది, అందుకే అడగకుండా కలపొద్దు.

చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి, వాంతులు వస్తే అది కిడ్నీ దాకా ఎక్కినట్టే. అప్పుడు తెల్లారేదాకా ఆగొద్దు, అర్ధరాత్రి అయినా 108కు ఫోన్ చేయండి. మూత్రంలో రక్తం కనిపించినా చూపించుకోవాల్సిందే. తండాలో గర్భిణులకు మంట ఉంటే అదే రోజు ఏఎన్ఎంకు చెప్పాలి. టెస్టుల్లో ఏ బ్యాక్టీరియా దొరకకుండా వారాల తరబడి నొప్పి ఉంటే అది వేరే సమస్య కావచ్చు, ఊరికే యాంటీబయాటిక్స్ మింగకుండా పెద్దాసుపత్రిలో చూపించుకోవాలి.

"సర్కారు బాత్రూంలు కట్టించింది కదా" అంటారు కొందరు. నిజమే. స్కూళ్లలో ఆడపిల్లలకు వేరే బాత్రూంలు ఉండాలని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో 2019లో మొదలైన నాడు-నేడులో నీళ్లు వచ్చే బాత్రూంలు మొదటి పనుల్లోనే ఉన్నాయి. కాదనం. కానీ కట్టడం ఒక రోజు పని, నడపడం రోజూ పని. గడి ఊడిపోతే వేయించేవాళ్లు, మోటారు కాలిపోతే అదే రోజు బాగు చేయించేవాళ్లు లేకపోతే అది బాత్రూం కాదు, గోడలే.

అన్నలూ తమ్ముళ్లూ, మీకు చెట్టు ఉంది, గోడ ఉంది. మాకు లేదు. అందుకే మీరూ మాతో నిలబడాలి. ఈ వారం ప్రతి హాస్టల్లో మూడు లెక్కలు తీద్దాం: గడి పడే తలుపులు ఎన్ని, రాత్రి వెలిగే బల్బులు ఎన్ని, నీళ్లు ఎన్ని గంటలకు ఆగిపోతున్నాయి. ఆ లెక్క కాగితం మీద రాసి అందరం సంతకాలు పెట్టి వార్డెన్‌కు ఇద్దాం. కదలకపోతే సోమవారం పుట్టపర్తి కలెక్టరేట్‌లో అర్జీ పెడదాం. నెలకోసారి ఏఎన్ఎం హాస్టల్‌కు వచ్చి యూరిన్ టెస్ట్ చేయాలని, క్లాసు మధ్యలో పోవడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదని కూడా అందులో రాద్దాం.

మంటకు మందు ఆసుపత్రిలో దొరుకుతుంది. మళ్లీ రాకుండా ఉండాలంటే నీళ్లు, వెలుతురు, గడి పడే తలుపు కావాలి. అవి అడగడానికి మాకు సిగ్గు లేదు. మీకూ వద్దు.