మార్పిడి రోగికి ఫంగస్ ముప్పు
2021 వేసవిలో బ్లాక్ ఫంగస్ పేరు వింటేనే రాష్ట్రం వణికింది. యాంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్ల కోసం రోగుల బంధువులు ఊళ్లు పట్టుకు తిరిగారు. ఫంగస్ ముప్పు కరోనాతో పోలేదు. మూత్రపిండం, మూలుగ మార్పిడి చేయించుకున్నవారిని నేటికీ వెంటాడుతోంది. కొత్త అవయవాన్ని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులే రోగనిరోధక శక్తిని తగ్గించి దానికి దారి ఇస్తాయి.

దీన్ని ఎదుర్కొనే కొత్త చికిత్సల వేట సాగుతోంది. ఇటలీలోని పెరూజియా వైద్యులు దాత రక్తం నుంచి మరో ఫంగస్ అయిన ఆస్పర్‌జిల్లస్‌ను గుర్తుపట్టే టీ-కణాలనే రోగనిరోధక కణాలను పెంచి మూలుగ మార్పిడి రోగులకు ఎక్కించారు. ఫలితాలను 2005లోనే ప్రకటించారు. 2022లో జర్మనీ పరిశోధకులు ఇదే ఫంగస్‌పై కార్-టీ కణాలను (లక్ష్యాన్ని గుర్తించేలా జన్యుమార్పు చేసిన టీ-కణాలు) ఎలుకల్లో పరీక్షించారు. ఫంగస్‌పై ఈ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉంది. అయితే క్యాన్సర్‌కు దేశీయ కార్-టీ చికిత్స నెక్స్‌కార్19కి 2023లో అనుమతి వచ్చింది. ఆ నైపుణ్యాన్ని మనవాళ్లు ఇటూ మళ్లించాలి.

అప్పటిదాకా జాగ్రత్తే రక్ష. గుంటూరు జిల్లా పొన్నూరు పరిసరాల్లో నూర్పిళ్ల దుమ్ములో, తడిసిన గడ్డివాములో, బూజుపట్టిన మిర్చిలో ఆస్పర్‌జిల్లస్ బీజాలుంటాయి. మార్పిడి చేయించుకున్న రైతు కల్లానికి దూరంగా ఉండాలి. తప్పదంటే ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. జ్వరం, దగ్గు విడవకపోతే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఆగిపోకుండా ఆపరేషన్ చేసిన ఆస్పత్రికి వెళ్లాలి. గుంటూరు పెద్దాసుపత్రిలో ఫంగస్ పరీక్షలు, మందులు ఏడాది పొడవునా అందేలా ప్రభుత్వం చూడాలి.