షెడ్డుకి కరెంటు పెట్టిస్తున్నారా?

పెరట్లో కారు షెడ్డు వేసినప్పుడు ఒక బల్బు, ఒక ప్లగ్గు చాలనుకున్నాం. వచ్చినతను ఇనప పెట్టె బిగించి, ఎర్తు వైరు కలపకుండా వెళ్ళిపోయాడు. వానల్లో తడిచేత్తో తాకితే జివ్వుమంది! మా చిన్నాడు తాకి ఉంటే? ఇప్పటికీ గుండె దడే.

ఈసారి షాపుకి నేనే వెళ్ళాను. బయటి గోడకి మూత, రబ్బరు ఉన్న ప్లాస్టిక్ పెట్టె తీసుకున్నాను, వైర్లు కుక్కక్కర్లేనంత లోతుది. వైరు కిందినుంచే ఎక్కించమన్నాను. పైనుంచి వస్తే వాననీళ్ళు దానివెంటే లోపలికి దిగుతాయి. వాషింగ్ మెషీన్ కూడా అక్కడే కాబట్టి దానికి 16 ఆంప్స్ ప్లగ్గు, 4 ఎంఎం వైరు. ఇంటినుంచి ఎర్తు వైరు సరేసరి.

షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ మాత్రం మానకండి. "దండగమ్మా" అన్నాడు మేస్త్రీ. నేను వినలేదు. దానిమీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే వెంటనే మార్పించండి.