నల్లాకు మోటారు, పొరుగింటికి గాలి

హైదరాబాదు నగరంలోని చాలా బస్తీలలో నల్లా నీరు రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చినా గంటో, రెండు గంటలో. మన జిల్లా నుంచి బతుకుతెరువుకు, పిల్లల చదువులకు వెళ్లి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో కాపురముంటున్న కుటుంబాలకు ఈ పాట్లు కొత్త కాదు. స్థోమత గలవారు ఇంటి ముందు సంపు తవ్వించి, మేడపై ట్యాంకు కట్టించుకున్నారు. అద్దె గదులలో ఉండేవారికి డ్రమ్ములు, బిందెలే దిక్కు. బియ్యం కడిగిన నీరు మొక్కలకు, బట్టలు జాడించిన నీరు మరుగుదొడ్డికి వాడుతున్న గృహిణుల పొదుపు మెచ్చదగినదే.

కాని ఈ అవసరమే ఒక దురలవాటును కూడా నేర్పింది. నీరు వదలగానే కొందరు నల్లా గొట్టానికే నేరుగా మోటారు తగిలించి లాగుతున్నారు. వారి సంపు నిండుతుంది. గొట్టం చివరనున్న ఇంటి నల్లాలో గాలి మాత్రమే బుసకొడుతుంది. అది చూసి ఆ ఇంటివారూ అప్పు చేసి మోటారు కొంటారు. ఈ పోటీలో ఓడిపోయేది మోటారు కొనలేని పేదవాడే.

ఇంతకన్న పెద్ద ముప్పు మరొకటి ఉన్నది. నీరు వదలని వేళలో గొట్టాలలో ఒత్తిడి ఉండదు. పగుళ్ల వద్ద మురుగు చేరుతుంది. మోటారు ఆ మురుగును మరింత బలంగా లోనికి లాగుతుంది. 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పదిమందికి పైగా చనిపోయిన సంగతి మరువరాదు. తాగునీటిలో మురుగు కలిస్తే ఏమవుతుందో ఆ బస్తీ చెప్పింది.

నగరం దాహం తీర్చడానికి ప్రయత్నాలు జరగలేదని అనలేము. 1908 మూసీ వరదల తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చాలక మంజీరా నీరు తెచ్చారు. 2004లో మన జిల్లా మీదుగా కృష్ణా నీరు, 2015లో గోదావరి నీరు నగరం చేరాయి. వంద కిలోమీటర్లకు పైగా ఖర్చుపెట్టి తెచ్చిన నీరు చివరి వీధికి అందకపోతే, లోపం నదిది కాదు, పంపిణీది.

నల్లా మోటార్లపై 2025 ఏప్రిల్‌లో జలమండలి తనిఖీలు చేపట్టి, 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. ఇది అవసరమే. కాని జరిమానా ఒక్కటే చాలదు. ఏ వీధికి ఏ వేళకు నీరు వదిలేదీ ముందుగా తెలియజేసి, ఆ వేళను విధిగా పాటించాలి. పగిలిన గొట్టాలను వెంటనే మార్చాలి. నీరు తప్పక వస్తుందన్న నమ్మకం కలిగితే మోటారు అవసరమే ఉండదు.

ప్రజలకూ బాధ్యత ఉన్నది. నిల్వ నీటిపై మూత ఉంచి, వారానికొకసారి డ్రమ్ములు ఆరబెడితే డెంగీ దోమ పెరగదు. తాగేనీరు కాచి వాడాలి. ఇంటిపై పడిన వానను ఇంకుడు గుంతకు మళ్లించాలి. అన్నిటికన్న ముందు, నల్లాకు తగిలించిన మోటారును విప్పాలి. మన బిందె నిండడానికి పొరుగువాడి బిందె ఎండనక్కరలేదు.