చెవిటివాడే శంఖం ఊదితే...

మొన్న ఆదివారం మా హామ్ మిత్రుడొకాయన హుషారుగా ఫోన్ చేశాడు. "గురూ, హ్యాండీకి యాంప్లిఫయర్ కొన్నా. అయిదు వాట్లు కాస్తా యాభై అయిపోయాయి. ఇక చూస్కో!"

చూశాను. రెండు మీటర్ల బ్యాండులో ఆయన పిలుపు ఖంగుమని వినపడింది. మా హ్యాండీలతో నేను జవాబిచ్చాను, ఇంకో ఇద్దరిచ్చారు. ఆయనకి ఒక్కటీ వినపడలేదు. మళ్లీ పిలిచాడు, అదీ మా మాటల మీదే. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం గానీ, చెవిటివాడే ఊదడం ఇదే చూడ్డం. ఇంగ్లీషు హాములు ఇలాంటివాణ్ణి అలిగేటర్ అంటారు. నోరు పెద్దది, చెవులు చిన్నవి.

కోపమొస్తే రానీండి, నా మట్టుకు నాకు హ్యాండీకి యాంప్లిఫయర్ తగిలించడం చాలావరకు దండగ.

లెక్క చూద్దాం. 5 నుంచి 50 వాట్లంటే పదిరెట్లు, అంటే 10 డెసిబెల్స్. ఒక ఎస్-యూనిట్ 6 డెసిబెల్స్. అంటే అంత డబ్బు పోసి కొన్నది అవతలివాడి మీటరు మీద రెండు గీతలు కూడా కాదు. గరగరలో మునిగిపోతున్న గొంతుని ఆ కాస్త ఒడ్డున పడేస్తుంది, కాదనను. కానీ అది ఒకవైపే. వినడానికి మాత్రం అదే రిసీవరు, కిటికీ పక్కన అదే చిన్న యాంటెన్నా. కొన్నింట్లో ప్రీయాంప్ ఉంటుందిగా అంటారు. ఉంటుంది, సిగ్నల్‌తో పాటు గోలనీ పెంచుతుంది.

క్వెరీ చెత్తగా రాసి సర్వర్‌కి ర్యామ్ పెంచమని అడగడం లాంటిదే ఇది కూడా.

మరేం చెయ్యాలి? యాంటెన్నా పైకెక్కించాలి. ఈ తరంగాలు దాదాపు చూపు లాగే తిన్నగా పోతాయి. మీటరున్నర ఎత్తులో రేడియో దిగంతం సుమారు 5 కిలోమీటర్లు. అదే డాబా మీద 9 మీటర్ల ఎత్తులో పెడితే 12 కిలోమీటర్లు. పైగా ఎత్తు రెండువైపులా పనిచేస్తుంది, పోయే మాటకీ వచ్చే మాటకీ. కేబుల్‌లో నష్టం లేదా అంటే ఉంది. ఆర్‌జీ-58 ఓ 15 మీటర్లు లాగితే సగం పవరు దాంట్లోనే ఆవిరి. అందుకే మంచి కేబుల్ కొనండి. యాంప్లిఫయర్ డబ్బులు అక్కడ పెట్టండి.

ఇంకో మాట. 50 వాట్లు రావాలంటే 13.8 వోల్టుల దగ్గర ఏడెనిమిది ఆంపియర్లు లాగుతుంది. పక్కన పెద్ద బ్యాటరీ మోస్తూ దాన్ని చేతి రేడియో అనడమేంటో! ఫిల్టరు సరిగా లేని చవక పెట్టె అయితే 145 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడుతూ, మూడో హార్మోనిక్ 435లో కూర్చున్నవాడినీ కుళ్లబొడుస్తారు. లైసెన్సులో మీకు ఎన్ని వాట్లు రాశారో కూడా ఓసారి చూసుకోండి. 50 వాట్లు నిజంగానే కావాలంటే కారులో పెట్టే రిగ్ కొనుక్కోండి, దాంతో మంచి రిసీవరు కూడా వస్తుంది.

"తుఫాన్లప్పుడు పవరు కావాలి కదా" అనేవాళ్లకి అసలు జవాబు ఇదీ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని కొట్టినప్పుడు కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. అలాంటి రోజున అయిపోవచ్చిన బ్యాటరీతో ఎవరో "ఇక్కడ పెద్దాయనకి ఇన్సులిన్ కావాలి" అంటే, అది వినగలిగేవాడు కావాలి. ఎఫ్ఎంలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని మింగేస్తుంది. వినపడక ఆ గొంతు మీదే 50 వాట్లతో అరిచేవాడు సాయం చేస్తున్నాననే అనుకుంటాడు, అదీ బాధ.

ఇదంతా మా మిత్రుడికి చెప్పా. "నీకు కుళ్లు" అన్నాడు :) సరే, వచ్చే ఆదివారం యాంటెన్నా పట్టుకుని నేనే వాళ్ల డాబా ఎక్కుతున్నా.