పెంకుటిల్లు కూల్చి ఏం కడుతున్నాం?

విశాఖ, భీమిలి, కాకినాడ... సముద్రం దగ్గరి వీధుల్లో ఈ దృశ్యం కామన్. పాత పెంకుటిల్లు పడగొడతారు. అక్కడ కాంక్రీటు డబ్బా లేస్తుంది, గదికో ఏసీ బిగిస్తారు. డాబా మీద సోలార్ ప్యానెళ్లు పెట్టి ‘గ్రీన్ హౌస్’ అనేస్తారు. ఇంజినీరింగ్ చదువుతున్న మీరు ఇక్కడ ఒక ప్రశ్న అడగాలి: ఈ ఇంటికి అసలు ఇంత కరెంటు ఎందుకు?

సోలార్ మంచిదే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లు, ఆపైన పెట్టుకుంటే రూ.78 వేల సబ్సిడీ వస్తుంది. కానీ ప్యానెల్ కరెంటు ఇస్తుందే తప్ప పడమటి గోడను చల్లబరచదు. వేడిని గోడ దగ్గరే ఆపాలని బీఈఈ 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ తెచ్చింది. గోడలు, కిటికీల గుండా వచ్చే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదు, పైకప్పు యూ-వాల్యూ 1.2 మించకూడదు అంటుందది. మెలిక ఏంటంటే, ఆ కోడ్ 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాలకే. 150 గజాల సొంతిల్లు దాని పరిధిలోకి రాదు. అక్కడ ఇంటి యజమానిని ఒప్పించాల్సింది డిజైన్ చేసేవాళ్లే.

తీరంలో లెక్క వేరు

మన తీరంలో వేడితోపాటు తేమా ఎక్కువే. గోడ మందంగా కడితే సరిపోదు, చెమట ఆరాలంటే గాలి ఆడాలి. ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు నీడ, డాబాపై తెల్లటి కూల్ రూఫ్ పూత ముందు చూడండి. 75 వాట్ల ఫ్యాన్ల బదులు 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు నాలుగు, రోజుకు 10 గంటలు తిరిగితే నెలకు 56 యూనిట్లు మిగులుతాయి.

ఉప్పుగాలిని మర్చిపోవద్దు. తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు ఐఎస్ 456 కనీసం ఎం30 గ్రేడ్, కడ్డీలపై 45 మి.మీ. కవర్ అడుగుతుంది. కడ్డీలు తుప్పుపట్టి ఇల్లు మళ్లీ కట్టాల్సొస్తే, ఆ సిమెంటు, స్టీలు తయారీకి పట్టే ఎనర్జీ ముందు మీ ఆదా ఏ మూలకి? 2014లో హుద్‌హుద్ చూసిన విశాఖకు ఐఎస్ 875లో బేసిక్ విండ్ స్పీడ్ సెకనుకు 50 మీటర్లు. సోలార్ ఫ్రేమ్ కూడా దానికి నిలబడాలి. హైటైడ్ లైన్ నుంచి 500 మీటర్లలోపు స్థలమైతే కూల్చే ముందే సీఆర్‌జెడ్ నిబంధనలు చూడాలి.

మీరేం చేయొచ్చు?

ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఈ సెమిస్టర్‌లోనే మొదలుపెట్టండి. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఐజీబీసీ అక్రెడిటెడ్ ప్రొఫెషనల్ పరీక్ష నిర్వహిస్తుంది. బీఈఈ ఎనర్జీ ఆడిటర్ పరీక్షకు ఉద్యోగ అనుభవం కావాలి కాబట్టి అది తర్వాతి మెట్టు. ‘గ్రీన్’ అని పేరున్న ప్రతి కోర్సుకూ వేలు కట్టకండి. మీ సొంతింటి ప్లాన్ తీసుకుని ఆ 15 వాట్ల లెక్క ఎక్సెల్‌లో వేయండి. ఏ కిటికీ మారిస్తే ఎంత తగ్గిందో రెండు పేజీల్లో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించి ఊరుకునేవాళ్ల కన్నా, ఆ రెండు పేజీలు వివరించగలిగినవాళ్ల మాటకే బలం ఎక్కువ.

ఇవాళ గీసే ప్లాన్‌తో ఆ ఇంట్లోవాళ్లు దశాబ్దాల పాటు ప్రతి వేసవీ గడపాలి, ప్రతి నెలా బిల్లు కట్టాలి. ఆ లెక్క ముందే వేసిపెట్టే ఇంజినీరు వాళ్లకు కావాలి.