ఉప్పా, తీపా అని అడగని చోట...

బెజవాడలో ఏ నిమ్మసోడా బండి దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. 'బాబాయ్, నాకు సాల్టు' అంటాడొకాయన. 'ఉప్పు సగం, పంచదార సగం' అంటుంది కాలేజీ అమ్మాయి. 'కాయ చిన్నదిగా ఉంది, రెండు చెక్కలూ పిండు' అని పక్కనుంచి ఇంకొకరు. 'ఐస్ వద్దు, గొంతు బాగోలేదు' అని వెనకాల నుంచి మరొకరు. కాయ అప్పటికప్పుడు కోశాడా, పొద్దున్నే పిండి సీసాలో పోసిపెట్టిన రసం వేస్తున్నాడా అన్నది కళ్లు చిట్లించి మరీ గమనిస్తారు. పదీ పాతిక రూపాయల సరుక్కి ఇంత హంగామా! అయినా ఎవరూ నామోషీ పడరు. బండివాడూ విసుక్కోడు. పైగా ముందు తనే అడుగుతాడు... ఉప్పా, తీపా?

ఇదే మనుషుల్ని ఓడ ఎక్కించి బార్ ముందు కూర్చోబెట్టండి. నోరు పెగలదు!

ఓడేమిటి, మనమేమిటి అనుకోకండి. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల 'ఎంప్రెస్' విశాఖ నుంచి బయల్దేరినప్పుడు అందులో మనవాళ్లు బాగానే ఎక్కారు. ఆ మరుసటి ఏడాది విశాఖ రేవులో 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ కూడా మొదలైంది. సింగపూర్ టూరు ప్యాకేజీల్లో ఓడ ప్రయాణం చేర్చడం మన ట్రావెల్ ఏజెంట్లకు ఏనాటి నుంచో అలవాటే. ఇక అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నల్ని పిలిపించుకుని అలాస్కా, బహామాస్ తిప్పుకురావడం ఉయ్యూరు, గుడివాడ, తెనాలి ఇళ్లలో ఇప్పుడు వింతేమీ కాదు.

అలా వెళ్లిన పెద్దాయన ఓడలో మెనూకార్డు తిప్పుతాడు. పేర్లన్నీ ఇంగ్లిషులో, అర్థం కాని ఇంగ్లిషులో! 'ఏదో ఒకటిలే' అని వేలు పెడతాడు. నీలం రంగు ద్రవం, పైన చిన్న కాగితం గొడుగు, అంచున ఎర్రటి చెర్రీ. గుటక వేస్తే దగ్గు మందులా ఉంటుంది. ఎదురుగా నిలబడ్డ కుర్రాడు 'ఎలా ఉంది సార్' అంటే మాత్రం, 'వెరీ గుడ్' అంటాడు. గ్లాసు పన్నెండు, పద్నాలుగు డాలర్లు. దానిమీద 18 నుంచి 20 శాతం దాకా సర్వీసు చార్జీ. అంటే మన లెక్కలో వెయ్యి రూపాయల పైమాటే. పాతిక రూపాయల సోడా దగ్గర అంత గట్టిగా అడిగిన మనిషి ఇక్కడ ఎందుకు అడగడు?

ఆదివారం పూట ఇంటిల్లిపాదీ చదివే పేజీలో ఈ మందు గోలేమిటని నొసలు చిట్లించకండి. తాగమని చెప్పడానికి కాదిది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తి క్షేమం అనదగ్గ కొలత లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చిచెప్పింది కూడా. ఆ మాటకొస్తే, అడగడం మనకు రాకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. మన దగ్గర మందు అంటే చాటుగా తాగేది, గబగబా తాగేది, రుచి తెలియకుండా కూల్‌డ్రింకులో ముంచి తాగేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ ఆడవాళ్ల కోపానికి కారణం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కాకపోతే చాటున తాగే అలవాటున్న చోట 'ఇందులో ఏం పోశావు, ఎంత పోశావు' అని నిలదీసే అలవాటు పుట్టదు.

ఇందులో తమాషా ఏమిటంటే, ఓడ బార్‌లో మనల్ని బెదరగొట్టే ఆ కాక్‌టెయిళ్ల పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ వెళితే దారి మన కృష్ణా డెల్టాకే వస్తుంది!

తెనాలి, రేపల్లె దాటి సముద్రం వైపు వెళితే నిజాంపట్నం. ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేపల రేవు. నాలుగొందల ఏళ్ల కిందట ఐరోపా వర్తకుల కాగితాల్లో దాని పేరు 'పెటపోలి'. డచ్చివాళ్లు 1606లోనే అక్కడ దిగారు. 1611లో 'గ్లోబ్' అనే ఓడ మీద ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు వచ్చారు, అక్కణ్నుంచి మచిలీపట్నం చేరారు. 1632లో రాబర్ట్ ఆడమ్స్ అనే కంపెనీ మనిషి పెటపోలిలో ఉన్న థామస్ కోలీ అనే వర్తకుడికి ఓ ఉత్తరం రాశాడు. నీకు మంచి సావాసం దొరికినందుకు సంతోషం అంటూ, 'పంచ్' తాగడం గురించి ఒక్క ముక్క చేర్చాడు. ఇంగ్లిషులో ఆ పానీయం పేరు కనిపించిన మొట్టమొదటి కాగితాల్లో ఒకటిగా చరిత్రకారులు చూపించేది ఈ ఉత్తరాన్నే. పెళ్లి రిసెప్షన్లలో ప్లాస్టిక్ గ్లాసులో ఎర్రగా ఇస్తారే ఫ్రూట్ పంచ్... ఆ పంచే! (సినిమాల్లో పంచ్ డైలాగు వేరే. అది పిడిగుద్దు బాపతు.)

పంచ్ అంటే ఐదు. మన పంచాంగంలో ఉన్న 'పంచ'. 1673లో మచిలీపట్నంలో దిగిన జాన్ ఫ్రైయర్ అనే ఇంగ్లిషు వైద్యుడు తన పుస్తకంలో ఈ సంగతే రాశాడు... ఐదు సరుకులు కలుపుతారు కాబట్టి ఆ పేరని. 'పంచన్' అనే పీపా పేరు నుంచి వచ్చిందని వాదించేవాళ్లూ ఉన్నారనుకోండి. నాకైతే డాక్టరుగారి మాటే నమ్మబుద్ధేస్తుంది. సారా, నిమ్మరసం, పంచదార, నీళ్లు, సుగంధద్రవ్యం... లెక్కపెట్టండి, ఐదు! ఇంగ్లండు నుంచి నెలల తరబడి ఎండలో వచ్చే ఓడలో బీరు పులిసి పాడయ్యేది. ఇక్కడ దిగాక దొరికేది తాటికల్లు, కొబ్బరికల్లు, బెల్లం కాచిన సారా. నేరుగా తాగితే గొంతు మండేది. పక్కనే నిమ్మకాయలు, పంచదార. అవసరం కొద్దీ కలిపారు, కుదిరింది, లండన్ దాకా వెళ్లింది.

ఆ తర్వాత కథ తేలికే. పెద్ద గిన్నెలో పదిమందికి కలిపే పంచ్‌ను ఒక్క గ్లాసుకు కుదించారు. విస్కీ సోర్, డైకిరీ, మార్గరీటా... నిమ్మజాతి రసం, తీపి, మద్యం మూడూ ఉన్న పానీయాలన్నీ ఆ ఇంటి పిల్లలే. కాక్‌టెయిల్ అనే మాటకు మొదటి స్పష్టమైన నిర్వచనం 1806 మే నెలలో అమెరికాలోని హడ్సన్ అనే ఊరి పత్రికలో వచ్చింది. అదీ, ఓ పాఠకుడు 'అసలు కాక్‌టెయిల్ అంటే ఏమిటండీ' అని ఉత్తరం రాస్తే సంపాదకుడు ఇచ్చిన జవాబు! మద్యం, పంచదార, నీళ్లు, బిట్టర్స్ అనే చేదు సారం... అంతే అన్నాడాయన. ఇవాళ 'ఓల్డ్ ఫ్యాషన్డ్' పేరుతో ఇచ్చేది దాదాపు అదే.

ఇంతకీ సరిగ్గా చేయడమంటే ఏమిటి? డైకిరీనే తీసుకోండి. క్యూబాలో సాంతియాగో దగ్గర గనుల ఊరు పేరది. అంతర్జాతీయ బార్‌టెండర్ల సంఘం కొలతల ప్రకారం 60 మిల్లీలీటర్ల తెల్ల రమ్, 20 మిల్లీలీటర్ల తాజా నిమ్మరసం, రెండు చిన్న చెంచాల పంచదార. ఐస్‌తో గట్టిగా గిలకొట్టి వడగట్టి ఇవ్వాలి. నాలుగో వస్తువు లేదు. రంగు లేదు, గొడుగు లేదు. మన నిమ్మసోడాలాగే దాచుకోవడానికి చోటు లేని సరుకు. నిమ్మకాయ తాజాది కాకపోతే మొదటి గుటకలోనే దొరికిపోతుంది.

ఓడలో దొరికిపోయేదీ అక్కడే. మూడు వేలమంది ప్రయాణికులు, సాయంత్రం భోజనానికి ముందు అందరూ ఒక్కసారే మీద పడతారు. ఈతకొలను పక్కనున్న బార్‌లో నిలబడ్డ కుర్రాడు గ్లాసుకో కాయ కోస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకని 'సోర్ మిక్స్' అని సీసాలో తయారుగా ఉంటుంది. పంచదార పాకం, పులుపు కోసం సిట్రిక్ యాసిడ్, నిమ్మ వాసన. కొన్నిచోట్ల గొట్టం నొక్కితే వచ్చేస్తుంది. ఐస్ యంత్రంలో తిరుగుతూ గుజ్జులా ఉండేది కూడా ఈ బాపతే. అది ఆ కుర్రాడి బద్ధకం కాదు, ఆ చోటూ ఆ వేళా అలాంటివి. ఫిలిప్పీన్స్ కుర్రాడో, గోవా కుర్రాడో... కొలతలు చాలామందికి క్షుణ్ణంగా తెలుసు. అడిగేవాళ్లే ఉండరు.

కాబట్టి చోటు మార్చండి. ఓడలో నాలుగైదు బార్లయినా ఉంటాయి. పైడెక్కు మీద పాటల హోరున్నది వదిలేసి, లోపల చిన్నగా, ఎత్తు స్టూళ్లతో ఉన్నదానికి వెళ్లండి. అందరూ నాటకమో డాన్సో చూడ్డానికి పోయిన వేళ ఇంకా మంచిది. టేబుల్ దగ్గర కాదు, కౌంటరు ముందు కూర్చోండి, సోడా బండి ముందు నిలబడ్డట్టే. పేరు చెప్పడంతో ఆపకుండా ఎలా కావాలో చెప్పండి. 'డైకిరీ, ఫ్రోజెన్ వద్దు, ఫ్రెష్ లైమ్‌తో, మిక్స్ వద్దు.' ఇంతే. వ్యాకరణం ఎవరూ చూడరు. తాజా నిమ్మకాయ లేదంటే నిమ్మతో పనిలేనిది అడగొచ్చు. నెగ్రోనీలో జిన్, కంపారీ, తీపి వెర్మూత్ తలా 30 మిల్లీలీటర్లు... సమాన భాగాలు, ఎవరు కలిపినా పాడు చేయడం కష్టం. చేదుగా ఉంటుందని ముందే చెబుతున్నాను, కాకరకాయ వేపుడు ఇష్టమైనవాళ్లకు నచ్చొచ్చు! నిమ్మరసం ఉన్నది గిలకొట్టాలి, లేనిది గరిటెతో తిప్పాలి... బార్‌టెండర్లు పాటించే సూత్రం ఇది. ఓల్డ్ ఫ్యాషన్డ్‌లో నారింజ ముక్కలూ చెర్రీలూ చితక్కొట్టి సోడా నింపి ఇస్తే, అది పాతదీ కాదు, ఫ్యాషనూ కాదు.

ఇదంతా రుచి యావ అనుకుంటే పొరపాటు. సరిగ్గా చేసిన పానీయంలో మద్యం ఎంతుందో నాలుకకు తెలుస్తుంది. తీపిలో ముంచినదాంట్లో తెలియదు. ఒక్కో గ్లాసులో రెండు మూడు రకాల మందు పోసి, పైన పైనాపిల్ రసం నింపితే షర్బత్‌లా దిగిపోతుంది. మూడో గ్లాసు దగ్గర లేచి నిలబడితే గానీ అసలు సంగతి బయటపడదు. అప్పుడు కాళ్ల కింద కదిలేది ఓడో, మనిషో తెలియదు. రోడ్డు మీదైతే బండి తాళాలు లాక్కునే స్నేహితుడుంటాడు. ఇక్కడ చుట్టూ రెయిలింగు, అవతల సముద్రం. బీపీ మాత్రలో, షుగరు మాత్రలో వాడే పెద్దవాళ్లయితే మరీ జాగ్రత్త. కొలత గిన్నెతో పోయమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఆ గిన్నెను 'జిగ్గర్' అంటారు.

ఇక ప్యాకేజీల సంగతి. రోజుకింత అని ముందే కడితే తాగినంత తాగొచ్చని ఆశ పెడతారు. కట్టాం కదా అని డబ్బు రాబట్టుకోవడానికి తాగేవాళ్లే ఎక్కువ. ఆ 'తాగినంత'కూ హద్దుంది... కార్నివాల్ కంపెనీ ప్యాకేజీలో 24 గంటలకు 15 మద్యం గ్లాసులు దాటనివ్వరు. పదిహేను! హద్దు అనడానికే భయమేస్తుంది. 1632 నాటి ఆ ఉత్తరంలోనూ ఇలాంటి మెలికే ఉంది. ఆడమ్స్ వాడిన మాటను 'లెక్క పెట్టుకోకుండా తాగండి' అనీ చదవొచ్చు, 'ఎంతమాత్రం తాగకండి' అనీ చదవొచ్చు. కోలీ ఎలా చదువుకున్నాడో మరి!

మన కుటుంబాలకు అసలు దెబ్బ తగిలేది ఇంకో చోట. కొన్ని కంపెనీల్లో ఒక క్యాబిన్‌లో ఒక్కరు మద్యం ప్యాకేజీ కొంటే, అదే క్యాబిన్‌లోని పెద్దలందరూ కొనాలన్న నిబంధన ఉంటుంది. నాన్నగారి రెండు గ్లాసుల సరదాకు, జన్మలో చుక్క ముట్టని అమ్మగారి పేరునా డబ్బు కట్టాలన్నమాట. టిక్కెట్టు కొన్నప్పుడే ఫోన్ చేసి, తాగనివాళ్లకు శీతల పానీయాల ప్యాకేజీ సరిపోతుందేమో అడగండి. ఒప్పుకునే కంపెనీలున్నాయి. రోజుకు రెండు గ్లాసులు మించని మనిషికైతే అసలు ప్యాకేజీయే దండగ, విడిగా కొనుక్కోవడమే నయం.

తాగనివాళ్లకు బార్‌లో జరిగే అన్యాయం కూడా చిన్నదేం కాదు. 'నాన్ ఆల్కహాలిక్' అనగానే సీసా పాకం, స్ప్రైట్, పుదీనా ఆకు వేసి 'వర్జిన్ మొహీతో' అంటారు. బెజవాడ హోటళ్లలోనూ ఇదే తంతు. అసలు మొహీతోలో పుదీనా, నిమ్మరసం, పంచదార, సోడా ఉంటాయి. రమ్ము తీసేసినా ఆ నాలుగూ మిగలాలి కదా! అవే అడగండి. లేదంటే మన నిమ్మసోడాయే అడగండి. 'లైమ్ సోడా' అంటే ఓడలో సీసా పాకం పోసి ఇచ్చే ప్రమాదముంది. 'సోడా వాటర్, తాజా నిమ్మకాయ రెండు చెక్కలు పిండి, చిటికెడు ఉప్పు' అని విడమరచి చెప్పాలి. ఉప్పు అనగానే కుర్రాడు ఒకసారి తలెత్తి చూస్తాడు. మార్గరీటా గ్లాసు అంచుకు అద్దడానికి ఉప్పు అతని చేతికింద పళ్లెంలో ఉండనే ఉంటుంది.